మూడు జతలు

పలాస కొట్టులో కూతుళ్ళిద్దరికి సైన్సు సామాన్లు ఏరుకుంటూ ప్రమోదిని మైక్రోస్కోపు కంటే ముందు మూడు జతల రబ్బరు చేతి తొడుగులు, కళ్ళలో ఏదీ పడకుండా మూడు కళ్ళద్దాలు పక్కన పెట్టింది. పదేళ్ళు జీడిపిక్కలు కొట్టిన చేతులవి. ఆ పిక్కల పెంకులోని నూనె పడితే తోలు ఎలా ఊడుతుందో ఆమెకి తెలుసు.

ఇంట్లోనే చదువు చెప్పడం మొగుడు ధర్మారావుకి కిట్టదు. ఒకరోజు పాఠం మధ్యలో వచ్చి మైక్రోస్కోపుని గోడకేసి కొట్టాడు.

"బడి మాన్పించీసి ఈ ఆటలేటే?" అంటూ పెద్దదాన్ని జుట్టు పట్టి ఈడ్చాడు. అడ్డొచ్చిన ప్రమోదినిని దవడ మీద గుద్దాడు.

ఆమె నెత్తురు ఉమ్మేసి, కళ్ళద్దాలు, తొడుగులు వేసుకుని, పాఠానికని పిక్కల్లోంచి తీసిన వేడి నూనె గిన్నె ఎత్తింది.

"కళ్ళద్దాలెట్టుకోండమ్మా," అంది కూతుళ్ళిద్దరితో.

మొగుడి వైపు తిరిగింది.

"నీకు కొననేదు."