కొబ్బరినూనె చేతులు

వైలోమ ఊళ్లో మిల్లు కూత విని పొద్దు తెలుసుకున్నట్టే, విలిమోనె గొంతు విని శనివారం ఆట మొదలైందని తెలుసుకునేవారు. చక్కెర మిల్లులో ఫిట్టరు పని. యాభై రెండేళ్ల మనిషి. మైదానంలో రెండు వైపులా నిలబడి ఉన్న గోలుపోస్టులు అతను వయసులో ఉండగా మిల్లు గొట్టాలు అతికించి చేసినవే. ఆ తరువాత ఆటకు అతను ఇచ్చింది గొంతు ఒక్కటే.

మైదానం అంచున నిద్రగన్నేరు నీడలో ఫుట్‌బాల్ సంఘం వారి రేకుల షెడ్డు ఉంది. శనివారం మధ్యాహ్నం అక్కడ చాపలు పరిచేవారు. మధ్యలో యంగోన అనే మత్తు వేరు పొడిని నీళ్లలో పిసికి కలిపిన తొట్టి. కొబ్బరిచిప్ప అందుకోవడం, ఒక చప్పట కొట్టి గడగడా తాగడం, మూతి తుడుచుకుని ఆడేవాళ్లను తిట్టడం. ఇదీ వరస. దీన్ని వాళ్లు అభిమానం అనుకునేవారు. చెరకు నరికి, మిల్లు వేడిలో మాడి, వారమంతా నోరు మూసుకుని పనిచేసే మనిషికి ఆ ఒక్క పూటా నోరు తెరిచే హక్కు లేదా అని అడిగితే కాదనడానికి ఎవరికీ మనసొప్పదు. ఆ తిట్లు ఎక్కడికి వెళ్లి పడుతున్నాయో మాత్రం ఎవరూ చూసేవారు కాదు.

పన్నెండేళ్ల కిందట జిల్లా పోటీల చివరి ఆటలో సకియుసా అనే పంతొమ్మిదేళ్ల కుర్రవాడు గోలు దగ్గర నిలబడ్డాడు. అలాంటి గోల్‌కీపరు ఆ ఊళ్లో అంతకు ముందు పుట్టలేదు, తరువాతా పుట్టలేదు. ఆ రోజు మాత్రం బంతి ఒక్కసారి చేతుల్లోంచి జారింది. విలిమోనె లేచి నిలబడి, మైదానం అవతలి గట్టు దాకా వినబడేలా, "ఏరా సకియుసా, చేతులకు కొబ్బరినూనె రాసుకొచ్చావా?" అని అరిచాడు. జనం విరగబడి నవ్వారు. మరునాటి నుంచి సకియుసా ఎక్కడ కనబడినా పిల్లలు అరచేతులు రుద్దుకుంటూ నూనె రాసుకున్నట్టు నటించేవారు. బజారులో నూనె కొనడానికి వెళితే దుకాణంలో నవ్వు. నెల తిరక్కుండానే అతను ఆట మానేశాడు. సంఘం అధ్యక్షుడు, భారతీయ సంతతివాడైన హర్దయాల్ తన చెరకు ట్రాక్టరు తోలే పని ఇచ్చాడు. శనివారాలు షెడ్డులో యంగోన కలపడం కూడా అతని పనే అయింది. తొట్టి ముందు కూర్చునేవాడు గాని, ఎప్పుడూ మైదానానికి వీపు పెట్టి కూర్చునేవాడు. పన్నెండేళ్లలో ఎందుకలా అని అడిగినవాళ్లు లేరు.

విలిమోనె కూతురు సలసెయిని. ఇంట్లో సెయిని. రగ్బీ పిచ్చి ఉన్న బంధువుల మధ్య పుట్టి ఈ పిల్ల గుండ్రటి బంతి వెంట పడింది. తండ్రి చేసిన పోస్టుల మధ్యే నిలబడి, ఎవరూ నేర్పకుండానే నేర్చుకుని, ఇరవై రెండేళ్లకు దేశపు జట్టులో గోల్‌కీపరు అయింది. ఊరు ఆమెను నెత్తిన పెట్టుకుంది. ఆమెను చూసి ముప్పై మంది ఆడపిల్లలు ఆటకు వచ్చారు. వారికి సంఘం గురువారం నాలుగు గంటల నుంచి మైదానం ఇచ్చింది.

ప్రపంచ కప్పుకు వెళ్లే దారిలో ఆఖరి ఆట రాజధానిలో, జోరు వానలో జరిగింది. సమంగా ముగిస్తే చాలు, మనవాళ్లు వెళతారు. షెడ్డులో రేడియో పెట్టుకుని అందరూ ఊపిరి బిగబట్టారు. సెయిని పదకొండు బంతులు ఆపింది. రెండు నిమిషాల్లో ఆట ముగుస్తుందనగా దూరం నుంచి కొట్టిన పన్నెండో బంతి ఆమె రెండు చేతుల మధ్య నుంచి జారి లోపలికి పోయింది. విలిమోనెకు తల కొట్టేసినట్లయింది. జీవితంలో మొదటిసారి అతని గొంతు లేవలేదు.

సోమవారం తెల్లారేసరికి అతని గేటుకు ఒక కొబ్బరినూనె సీసా, దానికి పాత గ్లౌజుల జత వేలాడదీసి ఉన్నాయి. అతని మాటే అతని గుమ్మానికి వచ్చింది. మిల్లులో రగ్బీ ఆడే ఫోర్‌మన్, "మా బంతి కోడిగుడ్డులా ఉంటుంది విలీ, అయినా పట్టుకుంటాం. మీది అంత గుండ్రంగా ఉండి కూడా ఆగదేంటయ్యా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. విలిమోనె స్పానరు కిందపెట్టి బయటికి నడిచాడు.

మంగళవారం సెయిని బస్సు దిగి వచ్చింది. గేటుకు అప్పటికే మరో సీసా కట్టి ఉంది. దాన్ని ఒక్క క్షణం చూసి, ముడి విప్పి తీసుకెళ్లి వంటింట్లో పెట్టింది.

"అమ్మా, నూనె అయిపోయిందన్నావుగా. ఊరివాళ్లు పంపించారు" అంది.

తల్లి లితియా నవ్వలేదు. ఆ రాత్రి కర్రపెండలం దుంపలు ముగ్గురి పళ్లేల్లోనూ అలాగే మిగిలాయి.

బుధవారం హర్దయాల్ రొట్టెల పొట్లం పట్టుకుని వచ్చాడు. మంచి మనిషే. పదిమందిలో మాట పోగొట్టుకోవడం అంటే భయం.

"తమ్ముడూ, నా మాట విను. సంఘంలో అందరూ మండిపడుతున్నారు. ఆడపిల్లల ఆట మనకెందుకు, గురువారం కూడా మగపిల్లలకే ఇచ్చేద్దాం అంటున్నారు. నా మనవరాలు రోషికాను నేనే మాన్పించేశాను. ఏం చెయ్యను, నన్నూ తిడుతున్నారు."

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు అన్నా?"

"మీలో పద్ధతి ఉందిగా. శనివారం ఒక సోరో పెట్టు. తంబువా పట్టుకొచ్చి, పిల్ల తరఫున క్షమించండి అను. మేం తీసుకుంటాం. తీసుకున్నాక ఇక ఎవడూ నోరెత్తడానికి లేదు."

ఈ దీవుల మూలవాసులమైన మాలో తప్పు చేసినవాడు తిమింగలం పన్ను, అంటే తంబువా, రెండు చేతులా పట్టుకుని వెళ్లి, గుమ్మం దగ్గర కింద కూర్చుని, తల వంచి క్షమాపణ అడుగుతాడు. అదే సోరో. అవతలివాడు పన్ను అందుకుంటే ఆ తగువు అక్కడితో సరి. గొడ్డళ్లు పట్టుకున్నవాళ్లను కూడా కలిపిన పద్ధతి అది. అయితే ఏ అవమానం జరిగినా ముందు తంబువా కోసం అటక ఎక్కే అలవాటు కూడా మాకు ఉంది. తప్పు ఎవరిదని ఆలోచించే ఓపిక తరువాత వస్తుంది.

విలిమోనె ఒప్పుకున్నాడు. శుక్రవారం సాయంత్రం మిల్లు నుంచి వస్తూనే తండ్రినాటి తంబువాను అటక మీంచి దించాడు. పన్ను మెరవాలంటే నూనె పట్టించాలి. వంటింట్లోంచి సీసా తెచ్చుకుని, గుమ్మంలో కూర్చుని రుద్దుతుండగా సెయిని వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఎవరికి నాన్నా అది?"

"సంఘానికి. నీ కోసమేనమ్మా. ఒక్క మాటతో అయిపోతుంది."

"నేనేం తప్పు చేశానని?"

అతను రుద్దుతూనే ఉన్నాడు.

"బంతి జారడం తప్పయితే పదకొండు ఆపినదానికి ఎవరైనా తంబువా తెచ్చారా మనింటికి?" అంది సెయిని. "ఆట అయ్యాక అవతలి జట్టు కీపరు నా దగ్గరికొచ్చింది. వానలో తడిసిన బంతిని వేళ్లతో పట్టకూడదు, ముందుకు వంగి ఛాతీకి అదుముకోవాలి, నీకెవరూ చెప్పలేదా అని అడిగింది. ఆ పిల్లకి పదేళ్లప్పుడే నేర్పారంట. నేను ఇరవై రెండేళ్లకి మొదటిసారి విన్నాను. అది కూడా ఓడిపోయాక, గెలిచినవాళ్ల నోట."

"ఇక్కడ నేర్పేవాళ్లెవరున్నారమ్మా?"

"ఒకడున్నాడు. ట్రాక్టరు తోలుకుంటున్నాడు. తడిసిన బంతి కూడా సకియుసా చేతుల్లోంచి జారేది కాదని నువ్వే చెప్పేవాడివి నా చిన్నప్పుడు. అతన్ని మైదానంలోంచి ఎవరు తరిమారో కూడా నువ్వే చెప్పు."

చాప అల్లుతున్న లితియా చెయ్యి ఆపింది. "ఊరంతా నా కూతురి చేతులకి నూనె ఉందంటోంది. ఓసారి నీ చేతులు చూసుకో" అంది.

విలిమోనె చూసుకున్నాడు. అరచేతులు, వేళ్ల సందులు, మణికట్టు దాకా నూనె మెరుస్తోంది. పన్నెండేళ్ల కిందట అరిచిన అరుపు తిరిగి తిరిగి వచ్చి తన కూతురి గోలులోనే పడిందని అతనికి అప్పుడు అర్థమైంది. సిగ్గుతో చచ్చిపోయాడు. పన్నును గుడ్డలో చుట్టాడు.

శనివారం షెడ్డు కిక్కిరిసిపోయింది. తొట్టి ముందు సకియుసా ఎప్పటిలాగే మైదానానికి వీపు పెట్టి కూర్చున్నాడు. పైన కుర్చీలో హర్దయాల్. విలిమోనె వచ్చి పద్ధతి ప్రకారం గుమ్మం దగ్గర కింద కూర్చున్నాడు. సెయిని పిలవకపోయినా వచ్చింది. ఓడిన నాటి జెర్సీయే తొడుక్కుని గుంజకు ఆనుకుని నిలబడింది. ఆమెను చూసి కొందరు గొణిగారు. ఆమె కళ్లు దించలేదు.

విలిమోనె తంబువాను రెండు చేతులా పట్టుకుని మోకాళ్ల మీద ముందుకు జరిగాడు. అందుకోవడానికి హర్దయాల్ చేతులు చాచాడు. విలిమోనె అటు వెళ్లలేదు. తొట్టి చుట్టూ తిరిగి సకియుసా ముందు ఆగాడు.

"సకియుసా, పన్నెండేళ్ల కిందట నా నోరు నీ ఆట తీసేసింది. అప్పుడు నీకు పంతొమ్మిదేళ్లు. నా తండ్రి తంబువా ఇది. నన్ను క్షమించు."

సకియుసా చేతులు మోచేతుల దాకా తొట్టిలో ఉన్నాయి. ఎంతసేపటికీ బయటికి రాలేదు. అతను అందుకోకపోతే అడిగే హక్కు ఎవరికీ లేదు, విలిమోనె ఆ పన్నుతో అలాగే వెనక్కి పాకాలి. అది అక్కడున్న ప్రతివాడికీ తెలుసు.

"మా అమ్మ పోయేదాకా అడుగుతూనే ఉంది, ఎందుకు మానేశావురా అని. చెప్పడానికి ముఖం చెల్లలేదు నాకు" అన్నాడు సకియుసా మెల్లగా. చేతులు తీసి, లుంగీకి తుడుచుకుని, తంబువా అందుకున్నాడు. "తీసుకున్నాను. ఇక ఆ మాట మన మధ్య లేదు."

తరువాత గుంజ వైపు తిరిగి, "గురువారం ఎన్నింటికమ్మాయ్ మీ ఆట?" అని అడిగాడు.

"నాలుగింటికి" అంది సెయిని.

హర్దయాల్ ఇబ్బందిగా కదిలాడు. "అది కాదమ్మా, మైదానం విషయం ఇంకా సంఘం..."

"ఇస్తే ఇక్కడ ఆడతాం పెద్దనాన్నా. ఇవ్వకపోతే చెరకు రైలు పట్టాల పక్కన ఆడతాం. తాళం వెయ్యండి, సీసాలు కట్టండి, మేం మానం. ఇంకో నాలుగేళ్లకి మళ్లీ అదే ఆట ఉంది. మా ముప్పై మందిలో ఎవరో ఒకరు ఆ గోలులో నిలబడతారు."

"ఓడిపోయినవాళ్లకి అంత నోరెందుకో" అన్నాడు వెనక నుంచి ఒకడు.

విలిమోనె లేచి నిలబడ్డాడు. ఆ గొంతు మళ్లీ మైదానం అవతలి గట్టు దాకా వినబడింది.

"ఓడిపోయింది మనం. ఆమె పదకొండు ఆపింది, మనం ఏం ఆపాం? ముప్పై ఏళ్లుగా ఈ చాప మీద కూర్చుని ఎంతమంది పిల్లల్ని ఇంటికి పంపించాం, ఎవడైనా లెక్క చెప్పగలడా? నేర్పేవాణ్ని తరిమి, నేర్చుకునేవాళ్లకి తాళం వేసి, ప్రపంచ కప్పు రాలేదని ఏడిస్తే ఎక్కడ్నించి వస్తుంది? గురువారం గేటుకి తాళం ఉంటే గొలుసు కోస్తాను. ఆ పోస్టులు నేను చేసినవి."

హర్దయాల్ చిప్ప అందుకుని, తాగకుండా కాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

గురువారం వాన పడింది. గేటు బార్లా తెరిచి ఉంది. తాళంచెవి చేతిలో పట్టుకుని గొడుగు కింద హర్దయాల్ నిలబడి ఉన్నాడు. పక్కన జడ బిగించి కట్టుకున్న రోషికా. పన్నెండేళ్ల తరువాత సకియుసా మైదానం వైపు ముఖం పెట్టి నడిచాడు. గోలు ముందు ఒక్కొక్క పిల్లనూ నిలబెట్టి, తడిసిన బంతిని ఎలా వంగి ఛాతీకి అదుముకోవాలో చూపించాడు. మొదటి వరసలో అందరికంటే శ్రద్ధగా నేర్చుకున్నది సెయిని.

రోషికా వంతు వచ్చింది. బంతి వచ్చింది, చేతుల్లోంచి సబ్బుముక్కలా జారిపోయింది. షెడ్డులో ఉన్నవాళ్లందరూ పాత అలవాటు కొద్దీ విలిమోనె వైపు తిరిగారు. ఆ పిల్ల కూడా అటే చూసింది, బిక్కచచ్చిపోయి.

విలిమోనె నోటికి రెండు వైపులా చేతులు పెట్టుకుని అరిచాడు. "మళ్లీ కొట్టండి. ఆ పిల్లే పట్టుకుంటుంది."

మళ్లీ కొట్టారు. మళ్లీ జారింది. ఇంకోసారి అరిచాడు. ఈసారి షెడ్డులోంచి రెండు మూడు గొంతులు కలిశాయి. నాలుగోసారి రోషికా ముందుకు వంగి బంతిని ఛాతీకి అదుముకుని, బురదలో పడి, వదలకుండా లేచింది.

గెలిచిన రోజు జెండా పట్టుకోవడానికి ఊరంతా వస్తుంది. ఓడిన జట్టు తిరిగొచ్చినప్పుడు గేటు తాళం తీసి, బంతి జారిన పిల్లకు మళ్లీ బంతి అందించేవాళ్లు ఉన్న చోటే ఆట పెరుగుతుంది.