నీళ్లు లేని నీటి చప్పుడు

ఒసాకాలోని మా కంపెనీ భవనానికి హరిత ధ్రువపత్రం సాధించి తీరాలని ఒక సంఘం ఏర్పడింది. సభ్యులు ఏడుగురు, ఏడుగురూ పురుషులే. భవనం లోపలి నీటి వాడకాన్ని తగ్గించడం వారి వ్రతం. కుళాయిల ధార సన్నబడింది, కొత్త ఫ్లష్ తొట్లు వచ్చాయి. ఆ తరువాత సంఘానికి జ్ఞానోదయమై, ఆడవాళ్ల మరుగుదొడ్లలోని చప్పుడు పెట్టెలను పీకించింది.

మీట నొక్కితే నీళ్లు పారుతున్న ధ్వనిని మాత్రమే వినిపించే పెట్టె అది. చుక్క నీరు ఖర్చు కాదు. లోపలి మనిషి చేసే చప్పుడు పక్క మనిషి చెవిన పడకుండా కాపాడుతుంది. అవి లేని కాలంలో మా తరం స్త్రీలం ఆ పని నిజం నీళ్లతోనే చేసేవాళ్లం: కూర్చోగానే ఒక ఫ్లష్, లేచాక మరొకటి.

"నీటి పొదుపు భవనంలో అస్తమానం నీళ్లు పారే చప్పుడేమిటండీ? తనిఖీకి వచ్చినవాళ్లు ఏమనుకుంటారు?" అన్నాడు సంఘాధ్యక్షుడు కుజుమి. ఆరు తలలు ఊగాయి. తర్కశాస్త్రానికి అది పర్వదినం.

నెల తిరిగేసరికి మగవాళ్ల వైపు వాడకం తగ్గింది. ఆడవాళ్ల వైపు పెరిగింది. లెక్కలు చూసే బాధ్యత ఇసొబే చికాగేది. ఆమెది ఏడాది ఒప్పందం మీద ఉద్యోగం. ధ్రువపత్రం వస్తే ఒప్పందం పొడిగిస్తానని, రాకపోతే లేదని కుజుమి ఆమెకు ముందే చెప్పాడు.

నేను కంపెనీ గ్రంథాలయం చూసేదాన్ని. ఒక మధ్యాహ్నం ఆ పిల్ల అన్నం డబ్బాతో నా గదికి వచ్చి, మూత తీయకుండా కూర్చుంది.

"తత్సుమి గారూ, వాడకం పెరిగిన కారణం రాసిమ్మంటున్నారు. ఏమని రాయను?"

"ఉన్నదే రాయి."

"అమ్మో, ఆ ఏడుగురికా! మీరే ఓ మాట చెప్పకూడదూ?"

"నన్నడిగితేగా. అరవై దాటినదానికి ఆ అవసరమే ఉండదనుకుంటారు వాళ్లు."

చికాగే ఫక్కున నవ్వి, వెళ్లి మర్యాదగా ఒక వాక్యం రాసింది: "చప్పుడు విషయమై ఇబ్బంది కలుగుతున్నందున." ఎవరి చప్పుడో రాయలేదు. మా మర్యాద వాక్యాల్లో కర్త ఉండడు. ఉంటే అది మర్యాద కాదు. ఆ ఖాళీని సంఘం తన విజ్ఞానంతో పూరించింది. చప్పుడు చేసేవి గొట్టాలే అయి ఉంటాయని తీర్మానించి, వాటన్నిటికీ మందపాటి స్పాంజి తొడుగులు చుట్టించింది.

దానితో మరుగుదొడ్లలో చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం ఆవరించింది. ఫలితంగా రెండు ఫ్లష్‌లు మూడయ్యాయి.

మళ్లీ సమావేశం పెట్టారు. చర్చ రాసుకోవడానికి నన్ను పిలిచారు.

"ఆడవాళ్లకు బార్లీ టీ తగ్గిస్తే?" అన్నాడొకాయన.

"మూడో అంతస్తు మరుగుదొడ్డికి తాళం వేస్తే?" అన్నాడు ఇంకొకాయన.

కుజుమి చికాగే వైపు తిరిగాడు. "గొట్టాలకు దుప్పట్లు కూడా కప్పాం. ఇంకా ఏం చప్పుడమ్మా? ఈ లెక్కలతో ధ్రువపత్రం రాదు. రాకపోతే నీ సంగతేమిటో నీకు తెలుసు."

ఆమె లేచి నిలబడింది. "గొట్టాలది కాదు సార్. మాది."

"మీదా?"

"మేం ఉచ్చ పోసే చప్పుడు సార్. పక్కవాళ్లకు వినబడకూడదని మాటిమాటికీ ఫ్లష్ నొక్కుతున్నాం. ఆ పెట్టెలు మళ్లీ పెట్టించండి, నీళ్లు వాటంతటవే మిగులుతాయి."

ఒకాయన కళ్లజోడు తుడుచుకున్నాడు. ఇంకొకాయన కిటికీలోంచి వాతావరణాన్ని పరిశీలించాడు. నేను ఆమె మాటలను అక్షరం పొల్లుపోకుండా రాశాను. సంతకాలకు వెళ్లి తిరిగొచ్చిన ప్రతిలో అవి "ధ్వని సంబంధమైన సూచన"గా మారాయి. సూచించినవారు: కుజుమి.

పెట్టెలు తిరిగొచ్చాయి. వాడకం పడిపోయింది. ధ్రువపత్రం వచ్చింది, గుమ్మం పక్కన ఇత్తడి ఫలకం వెలిసింది. చికాగే ఒప్పందాన్ని మాత్రం పొడిగించలేదు. సమావేశంలో ఆమె వాడిన పదం సంస్థ గౌరవానికి తగదట.

"ధ్రువపత్రం వచ్చింది కదా సార్?" అని ఆమె అడిగింది.

"వచ్చింది. అది వేరు," అన్నాడు కుజుమి. ఆ పని చేయడం నేరం కాదు, దాన్ని దాచడానికి ఊరి నీళ్లు పారబోయడం నేరం కాదు. పేరు పెట్టి చెప్పడం ఒక్కటే నేరం.

ఆఖరి రోజున ఆమెకు పూలగుత్తి ఇచ్చారు. మా దగ్గర మనిషిని తీసేసినా పూలు మానరు. ఆఫీసంతా నిలబడి ఉండగా కుజుమి ప్రసంగించాడు.

"ధ్రువపత్ర సాధనలో ఇసొబే గారు... ఆ విషయంలో... మరువలేని సేవ చేశారు."

"ఏ విషయంలో సార్?" అంది చికాగే.

"అదే... ఆ విషయంలోనే."

"నాకు తట్టడం లేదు సార్. ఒక్కసారి పేరు పెట్టి చెప్పండి, వెళ్లిపోతాను."

వెనుక వరుసలో ఆడవాళ్లెవరో కిసుక్కుమన్నారు. కుజుమి నోరు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. ఆమె పూలగుత్తిని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుని, ఎంతో వినయంగా ఎదురుచూస్తూ నిలబడింది.