కత్తెర తీసేసిన ఊపిరి

రికార్డింగ్ స్టూడియోలో అతన్ని అందరూ కత్తెర అనేవారు. ఆ పేరు పెట్టింది వదిన, అంటే అతని భార్యకు అక్క. స్టూడియో ఆవిడదే. లిఫ్టుల్లో "తలుపులు మూసుకుంటున్నాయి" అనే గొంతూ, ఫోనుల్లో "దయచేసి వేచి ఉండండి" అనే గొంతూ అతని చేతుల మీదుగా బయటికి వెళ్ళినవే. మాటకీ మాటకీ మధ్య ఊపిరి వినపడకూడదు. పెదవి చప్పుడు కాకూడదు. గొంతు వణకకూడదు. అలాంటిది తగిలితే చాలు, అతని వేళ్ళు వాటంతటవే కోసేసేవి.

ఆ మధ్యాహ్నం అతని కంప్యూటర్ తెర మీద ఒక స్వీడన్ గాయని పాట ఉంది. ఊరూరా కచేరీలు చేసుకుంటూ వెళుతూ, ఒక రేడియో కార్యక్రమం కోసం ఈ స్టూడియోలో పియానో ముందు ఒంటరిగా కూర్చుని పాడి వెళ్ళింది. ప్రసారం సాయంత్రం.

అతని భార్య రైలు కూడా సాయంత్రమే.

చాలా నెలలుగా ఆమె అక్కగారింట్లోనే ఉంటోంది. ఇప్పుడు వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. ఇల్లు విడిచి వెళ్ళిన రోజు గుమ్మంలో నిలబడి ఒకే మాట అడిగింది. "ఉండమంటావా?"

"నీ ఇష్టం" అన్నాడు అతను. మర్యాదగా మాట్లాడాననే అనుకున్నాడు.

ఈ రైలెక్కిందంటే ఆ ప్రశ్న అడిగే మనిషి కూడా ఇక ఉండదు. ఆ సంగతి తెలిసే పొద్దుటి నుంచీ తల వంచుకుని పనిలో మునిగాడు.

"అయిందా మరిదిగారూ?" అంటూ వదిన వచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. కాసేపు విని తీసేసింది. "పాటేదీ?"

"ఇదే వదినా."

"ఇదా? శవానికి పౌడరు అద్దినట్టుంది."

"తప్పులన్నీ తీసేశాను. మధ్యలో ఏడ్చింది. ముక్కు ఎగబీల్చింది. ఒక చోట గొంతే లేదు. పాపం, నలుగురూ వింటే పరువు పోతుందని..."

"ఎవరి పరువు? ఆవిడదా, నీదా?"

వదిన కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"ఈవిడ వస్తోందంటే జనం ఎందుకు ఎగబడతారో తెలుసా? గొంతు కోసమా? ఇంతకన్నా బాగా పాడేవాళ్ళు వీధికి నలుగురున్నారు. పాటలో ఉన్నది మాత్రం ఏముంది! నన్ను కూడా తీసుకెళ్ళు, లేకపోతే నువ్వే ఆగిపో. అంతేగా? కానీ సిగ్గు విడిచి అడుగుతుంది. మనం తలుపులేసుకుని కూడా అడగలేనిది అంతమంది ముందు నిలబడి అడుగుతుంది. ఆ అడగడం కోసమే వస్తారు జనం. నువ్వు సరిగ్గా దాన్నే కోసి పారేశావు."

"మాటలన్నీ ఉన్నాయిగా వదినా."

"మాటలే ఉన్నాయి. తీసినవన్నీ మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టు." గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "చెల్లిని స్టేషనుకి నేనే దింపుతున్నా. ఊరికే చెప్తున్నా."

అతనికో అలవాటుంది. కోసిన ముక్కలు పారెయ్యడు. ఎప్పుడైనా అతుకు వెయ్యడానికి పనికొస్తాయని తెర అడుగున ఒక వరసలో పేర్చుకుంటాడు. ఆ వరసకి 'చెత్త' అని పేరు. ఏ ముక్క ఎక్కడిదో తెలియాలంటే ముందు వినాలి కదా. పాటని ఆపేసి, చెత్తని ఒక్కదాన్నే మోగించాడు.

ఊపిరి. ఇంకో ఊపిరి. గుటక. కుర్చీ కిర్రుమంది. మింగేసిన ఏడుపు. సగం లేచి విరిగిపోయిన ఒక అక్షరం. ముక్కు ఎగబీల్పు. మళ్ళీ ఊపిరి, ఈసారి పొడుగ్గా, నీళ్ళలోకి దూకే ముందు తీసుకునేంత పొడుగ్గా.

ఒక్క మాట కూడా లేదు. అయినా చీకటి గదిలో పక్కనే ఎవరో కూర్చున్నట్టు అతని ఒళ్ళు జలదరించింది. ఇలాంటి ఊపిరి అతనికి కొత్త కాదు. ఆ రోజు గుమ్మంలో అతని భార్య కూడా తీసుకుంది. గుటక మింగింది. పెదవి కొరుక్కుంది. ఆ తర్వాతే అడిగింది. అతను ముందున్నదంతా కోసేసి, ప్రశ్నొక్కటే విన్నాడు. లిఫ్టులో గొంతేదో అడిగితే చెప్పినట్టు జవాబు చెప్పాడు.

ముక్కలన్నీ తిరిగి అతికించాడు. ఒక్కటీ చోటు తప్పలేదు. ఇప్పుడా పాట మొదటి నుంచి విని, ఎవరో ఎరగని ఆ స్వీడన్ పిల్లని చూసి కుళ్ళుకున్నాడు. ఎంత సులువుగా అడిగేసింది! పాట రేడియోకి పంపించి, ఇక ఆలోచించకుండా ఫోను తీశాడు. ఆలోచిస్తే చెయ్యడని అతనికే తెలుసు.

"చెప్పు" అంది భార్య. వెనకాల సూట్‌కేసు జిప్పు లాగుతున్న చప్పుడు.

"సర్దుకున్నావా?"

"ఇది అడగడానికా చేశావ్?"

ప్రయాణం జాగ్రత్త అన్న మాట నాలిక చివరి దాకా వచ్చింది. మింగేశాడు. "కాదు. ఒక్క నిమిషం. పెట్టెయ్యకు."

"పెట్టెయ్యట్లేదులే."

"నువ్వు వెళ్ళొద్దు. అంటే, ఉద్యోగం మానెయ్యమని కాదు. వెళ్ళు. కాదు, వెళ్ళొద్దు. ఛ! నాకు చెప్పడం రావట్లేదు. పళ్ళెం ముందు కూర్చుంటానా, నీ కుర్చీ కేసి చూస్తానా, ఇక ముద్ద దిగదు. పడేసి లేచిపోతున్నా. ఉండవే. ఉండలేకపోతే నన్ను కూడా..."

గొంతు పూర్తిగా పోయింది. అవతల జిప్పు చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది.

"అక్క నేర్పించిందా ఇదంతా?"

"లేదు. ఒక స్వీడన్ ఆవిడ."

"ఆవిడెవరు మధ్యలో?"

"సాయంత్రం రేడియోలో పాడుతుంది."

"అప్పటికి నేను రైల్లో ఉంటాను."

"అయితే ఎక్కుతావన్నమాట."

"ఎక్కకేం చెయ్యను? అడగాల్సిన రోజు అడక్కుండా, సూట్‌కేసు మూసేటప్పుడు అడిగితే?" కసిరింది గానీ ఆమె గొంతూ నిలకడగా లేదు. ఆ వెంటనే మెల్లగా అంది. "అక్కని రావద్దంటాలే. నువ్వు దింపు."

"సరే."

"తొందరగా బయల్దేరు. దార్లో ఆ మాటలు మళ్ళీ చెప్పాలి. ఫోనులో సగమే వినబడ్డాయి."

అంతా వినబడే ఉంటుందని అతనికి తెలుసు. రెండోసారి చెప్పగలడో లేదో మాత్రం తెలియదు. లిఫ్టు కోసం ఆగకుండా మెట్ల మీదుగా పరిగెత్తాడు.