యాభైన్నర అంగుళాలు

దర్జీ భార్యను చంపింది రోగం కాదు, ‘అంతా బాగానే ఉంది’ అన్న మూడు మాటలు. ఈ విషయంలో ఆయనకు ఏ అనుమానమూ లేదు. ఒంట్లో నలతగా ఉందంటే ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లాడు. డాక్టరు ఆ మూడు మాటలూ అని పంపేశాడు. ఇరవై రోజులకు ఆమె గుండె ఆగిపోయింది. ఆరేళ్లుగా కొట్టుకు వచ్చిన ప్రతివాడికీ భుజం కొలుస్తూ ఒకసారి, చెయ్యి కొలుస్తూ ఒకసారి ఈ సంగతి చెప్తూనే ఉన్నాడు. జనానికి కంఠతా వచ్చేసింది. కొందరైతే కొలతలు ఇంట్లోనే రాసుకొచ్చి, కాగితం బల్లమీద పడేసి జారుకునేవారు.

ఇప్పుడు అవే మూడు మాటలు మనవరాలి కాగితం మీదకొచ్చాయి.

తొమ్మిదేళ్ల పిల్ల. కుదురుగా ఒకచోట నిలవదని పిచ్చుక అని పిలుస్తారు. అయిదు నెలల కిందట ఏదో వైరస్ ముందు జలుబులా పట్టుకుని, తర్వాత ఊపిరితిత్తుల్లోకి దిగి, పిల్లను పంతొమ్మిది రోజులు ఆసుపత్రి మంచానికి, ఆక్సిజన్ గొట్టానికి కట్టిపడేసింది. బతికి బయటపడింది. వాళ్లది కింద కొట్టు, పైన ఇల్లు. మధ్యనున్న పద్దెనిమిది మెట్లూ ఒక్క ఊపున ఎక్కేసే పిల్ల, ఇప్పుడు పదో మెట్టు దగ్గర ఆగి, కమ్మీ పట్టుకుని, వంగి చెప్పు సరిచేసుకుంటుంది. ఆ చెప్పులో సరిచేయడానికి ఏమీ లేదని కింద మిషను ముందు కూర్చున్న తాతకు తెలుసు.

శుక్రవారం రెండోసారి ఊపిరి పరీక్ష చేశారు. గొట్టంలోకి ఊదితే ఊపిరితిత్తులు ఎంత గాలి వదులుతున్నాయో యంత్రం చెప్తుంది. పిల్ల ఎత్తుకు ఉండాల్సిన గాలిలో నూటికి ఎనభై అయిదు వచ్చింది. ఎనభై దాటితే ఫరవాలేదట. ‘అంతా బాగానే ఉంది. వ్యాయామాలు ఆపేయవచ్చు. సోమవారం నుంచి ఆటలకు పంపవచ్చు’ అని డాక్టరమ్మ రాసిచ్చింది.

“ఇన్నాళ్లకి ఓ మంచిమాట విన్నాను నాన్నా. దయచేసి దాన్ని పాడుచెయ్యకు,” అంది కూతురు, ఆ కాగితాన్ని బీరువాలో దాస్తూ.

“పదో మెట్టు సంగతి చెప్పావా వాళ్లకి?”

“అది భయం. పడుకుని పడుకుని అలవాటు తప్పింది. నలుగురితో కలిసి పరిగెడితే అదే పోతుంది.”

“ఏది పోతుంది? భయమా, పిల్లా?”

కూతురు చేతిలో గిన్నెను పొయ్యి మీద దబ్బున పెట్టింది.

ఆ సాయంత్రమే సోమవారానికని పిచ్చుక యూనిఫాం గౌను సరిచేయడానికి కూర్చున్నాడు దర్జీ. పిల్లను బల్ల ఎక్కించాడు. నిరుడు మోకాలు దాటేట్టు కుట్టిన గౌను, ఇప్పుడు మోకాలికి పైన రెండంగుళాల దూరంలో వేలాడుతోంది.

“తాతయ్యా, గౌను కుంచించుకుపోయిందా?”

“నా గుడ్డ కుంచించుకుపోదు. నువ్వే సాగావు.”

పిల్లను దింపి, తలుపు చెక్కకు ఆనించి, నిలువు కొలిచాడు. యాభై రెండు ముప్పావు. కొలతల పుస్తకం తీసి నిరుటి పేజీ తిప్పాడు. పిచ్చుక, నిలువు యాభైన్నర. ఆ అంకె ఈమధ్యే ఎక్కడో చూసినట్టనిపించింది. లేచి, బీరువా తెరిచి, ఆసుపత్రి కాగితం బయటికి లాగాడు. పైన చిన్న అక్షరాల్లో ఎత్తు నూట ఇరవై ఎనిమిది సెంటీమీటర్లని ఉంది. టేపు రెండో వైపు తిప్పి చూశాడు. నూట ఇరవై ఎనిమిదంటే యాభైన్నరే.

“వీళ్లు పిల్లను కొలవనే లేదు!” దొంగను గుమ్మంలోనే పట్టుకున్నవాడిలా అరిచాడు. “ఇది పోయినేడు పిచ్చుక!”

“అయితే ఏమైంది నాన్నా? ఊదింది ఊదిందేగా?”

“ఓ ముక్క గుడ్డ తెచ్చి, సరిపోతుందా అని అడిగితే ఏం చెప్తాను? ఎవరికి అని అడుగుతాను. పొట్టిదానికి సరిపోయిన గుడ్డ పొడుగుదానికి చాలదు. ఆ గాలి యాభైన్నర పిల్లకి సరిపోతుంది. దీనికి చాలదు.”

కూతురు చాలాసేపు గౌను అంచు వంకే చూసింది. తర్వాత, “రేపు పొద్దున శనివారం. ఆసుపత్రిలో పన్నెండు దాకా ఉంటారు,” అంది.

ఊపిరి పరీక్ష గది వరండా చివర ఉంది. బల్లమీద యంత్రం, పక్కన అట్టగొట్టాల పెట్టె, ముక్కుకు పెట్టే క్లిప్పులు. పరీక్ష చేసే ఆమె రోజంతా పిల్లలచేత ఊదించి ఊదించి గొంతు బొంగురు చేసుకుంది. పిచ్చుక ఆమెకు ఊదక్క అని పేరు పెట్టింది.

దర్జీ కాగితాన్ని ఆమె ముందు పెట్టి, ఎత్తు రాసిన చోట గోరుతో గుచ్చాడు. “దీని ఎత్తు ఏ మహానుభావులు కొలిచారమ్మా?”

ఊదక్క తెర వంక చూసింది. తర్వాత ఆయన వంక చూసింది. “మీరే.”

“నేనా?”

“మొదటిసారి వచ్చినప్పుడు గోడమీద ఎత్తు కొలిచే పట్టీ ఊడిపోయి ఉంది. ప్లాస్టరు వేసి అతికిస్తున్నాను. మీరు మెడలో టేపు వేసుకుని వచ్చి, ‘ఆ ఊడినదానితో ఏం కొలుస్తావు? ముప్పై ఎనిమిదేళ్లుగా మనుషుల్ని కొలుస్తున్నా. నూట ఇరవై ఎనిమిది, రాసుకో’ అన్నారు. రాసుకున్నాను. నిన్న ఆ పాత అంకే తెరమీదకొస్తే అలాగే వదిలేశాను. ప్రతిసారీ కొలవాలి. కొలవకపోవడం నా తప్పే. అంకె మాత్రం మీదే పెద్దాయనా.”

అన్నాడు. గుర్తొచ్చింది. ఆరోజు టేపు మెడలోనే ఉంది, పిల్ల ఎదురుగానే ఉంది. అయినా పుస్తకంలో అంకెను గడగడా అప్పజెప్పాడు. కొట్టుకు వచ్చినవాడెవడైనా నిరుటి కొలతకు చొక్కా కుట్టమంటే వాణ్ణి గుమ్మం దాటించేదాకా తిట్టేవాడు. కూతురు ఆయన వంక చూడకుండా కిటికీ వంక చూస్తోంది. చూసి నాలుగు మాటలంటే బాగుండేది.

“కొలువమ్మా,” అన్నాడు.

చెప్పులు విప్పించి, మడమలు గోడకు ఆనించి కొలిచింది. నూట ముప్పై నాలుగు. ఆ అంకె యంత్రంలో కొడుతూ, “మెట్లెక్కితే ఆయాసం వస్తోందా?” అని అడిగింది.

పదో మెట్టు. జవాబు దర్జీ నాలుక చివరే ఉంది. నోరు తెరిచాడు. మూశాడు.

“దాన్నే అడుగు.”

పిచ్చుక తల్లి వంక చూసి, నేల చూపులు చూసింది. “తొమ్మిదో మెట్టు దగ్గర వస్తుంది. తాతయ్య చూస్తుంటాడని ఇంకోటి ఎక్కి ఆగుతా.”

పదో మెట్టని నాలుగు నెలలుగా ఘంటాపథంగా చెప్తున్నవాడు ఆయనే.

ఊదడం మొదలైంది. ముక్కుకు క్లిప్పు, నోట్లో గొట్టం. “నిండా పీల్చు, ఇంకా, ఇంకా! ఇప్పుడు ఊదు! ఊదు, ఊదు, ఊదు, ఆపకు!” ఊదక్క గది దద్దరిల్లేట్టు అరిచింది. మొదటిసారి పిల్లకు దగ్గొచ్చింది. రెండోసారి మధ్యలో ఆపేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ఊదక్కా, నాకు రాదు.”

తాత పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు. “మిషను అడుగున దారాల నూగు పట్టేస్తే ఎవరు ఊదుతారు?”

“నేను.”

“మొత్తం పోయిందని ఎప్పుడు ఆపుతావు?”

“నువ్వు ఇంకా ఉందంటావుగా. ఎప్పుడూ ఆపనివ్వవు.”

“ఇంకా ఉంది. ఊదు.”

ఊదింది. మెడ నరాలు తేలేదాకా, ముఖం ఎర్రబడేదాకా ఊదింది. ఒకదానితో ఒకటి సరిపోయే ఊదులు మూడు కావాలి. నడుమ నడుమ నీళ్లు తాగి, కూర్చుని, లేచి, మూడూ ఇచ్చింది. గాలి నిన్నటంతే. అంకె మాత్రం డెబ్బై అయిదు.

కూతురు గోడవారన ఉన్న కుర్చీలో కూలబడింది.

డాక్టరమ్మ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. పాతదానిమీద తను రాసిన మూడు మాటలూ తానే కొట్టేసింది. “ఊపిరితిత్తులు ఇంకా పూర్తిగా తేరుకోలేదు. మొదటిసారికంటే మెరుగే. పిల్లలు చాలామంది కోలుకుంటారు, కానీ టైం పడుతుంది. పీలిస్తే బంతులు లేస్తాయే, ఆ మూడు బంతుల గొట్టంతో వ్యాయామం రోజూ చేయించండి. నడక సరే, పరుగు వద్దు. మూడు నెలలకు మళ్లీ రండి.”

“కొలిచాకే ఊదించండి,” అన్నాడు దర్జీ. “నేను చెప్పినా సరే, వినకుండా కొలవండి.”

ఇంటికొచ్చాక పిచ్చుక తొమ్మిదో మెట్టు దగ్గర ఆగింది. చెప్పు ముట్టుకోలేదు. దర్జాగా కూర్చుంది. తల్లి పక్కన కూర్చుని వీపు రాసింది. కాసేపటికి పిల్ల లేచి, కమ్మీ పట్టుకుని పైకి వెళ్లింది. కూతురు లేవలేదు. తండ్రి రెండు మెట్ల కింద నిలబడి ఉన్నాడు.

“అమ్మను కూడా అడిగాడు నాన్నా ఆ డాక్టరు,” అంది. గొంతు పెంచలేదు. “నేను పక్కనే ఉన్నాను. మెట్లెక్కితే ఆయాసం వస్తుందా అని అడిగాడు. అమ్మ నోరు తెరిచేలోపు నువ్వే, ‘అబ్బే, మా ఆవిడకేం, గుండ్రాయిలా ఉంటుంది, నీళ్ల బిందెతో పైకెక్కుతుంది’ అన్నావు. అమ్మ నవ్వి ఊరుకుంది.”

దర్జీ కమ్మీ మీది పెచ్చును గోరుతో గీకాడు. పెచ్చు ఊడి కింద పడింది.

“వాడు మళ్లీ అడగాల్సింది. దాన్నే అడగాల్సింది.”

“అడగాల్సింది.”

“వాణ్ణి క్షమించను.”

“నేను క్షమించమనలేదు.”

పైన గొట్టంలో బంతి లేచి పడిన చప్పుడు, పిచ్చుక ఒకటి, రెండు అని లెక్కపెట్టడం వినిపించాయి.

“ఇక ఈ సంగతి నా దగ్గర ఎత్తకు,” అన్నాడు. “నేనూ ఎత్తను.”

సోమవారం మొదట వచ్చినవాడు చొక్కా కొలతకు చేతులు చాచి, కాసేపు ఎదురుచూసి, ఉండబట్టలేక అడిగేశాడు. “ఏం మామా, ఇవాళ డాక్టరు కథ లేదా?”

దర్జీ టేపును వాడి భుజం మీద పరిచి, రెండోసారి కూడా కొలిచాడు.

“లేదు. ఇక ఉండదు. కదలకుండా నిలబడు.”