రెండు చుట్ల ముడి

ఇంటి వెనకాల టై అండ్ డై షెడ్డులో పదేళ్లుగా పెద్ద కోడలు చెప్పిందే వేదం. కొత్తవాళ్లకు సుడి మడత, కాస్త చెయ్యి తిరిగినవాళ్లకు విసనకర్ర మడత, ఆరితేరినవాళ్లకు సూదితో కుట్టి దగ్గరికి లాగే మడత, అన్నీ ఆమే నేర్పుతుంది. ఆర్నెల్ల కిందట ఆమె దగ్గరే ఓనమాలు దిద్దిన చిన్న కోడలి దుపట్టాల కోసం ఇప్పుడు జనం ఎగబడుతుంటే ఆమెకు కడుపు రగిలిపోతోంది.

"ఏదో కొత్త మడత కనిపెట్టింది మహాతల్లి. నాకు చెప్పకుండా దాచుకుంటోంది," అని మొగుడి దగ్గర సణిగింది.

మధ్యాహ్నం చిన్నది భోజనానికి వెళ్లగానే, రంగులో ముంచడానికి కట్టి పెట్టిన దాని మూట విప్పింది. లోపల ఉన్నది సుడి మడతే. మొదటి రోజు తను నేర్పిందే. కాకపోతే ఒక్క ముడతా ఇంకోదాని మీదికి ఎక్కలేదు, అంత ఓపిగ్గా తిప్పింది. తనకు ఆ ఓపిక పోయి ఎన్నేళ్లయిందో. పళ్లు నూరుకుంటూ గబగబా మళ్లీ మడిచి, దారం బిగించి, ఉన్నచోటే పెట్టేసింది.

చిన్న కోడలు వచ్చి మూట చేతిలోకి తీసుకుని, ముడిని బొటనవేలితో తడిమింది.

"అక్కా, నేను ఒక చుట్టే వేస్తాను. రెండు చుట్లు చుట్టి ముడి వేసేది ఈ షెడ్డులో మీరొక్కరే."

పెద్ద కోడలు కర్ర అందుకుని తొట్టిలో రంగు కలపసాగింది.

"అడిగితే నేనే విప్పి చూపించేదాన్ని కదా," అంటూ చిన్నది దారం విప్పి, లోపలి మడత చూసి, గుడ్డను ఒక్కసారి దులిపి, మళ్లీ మొదటినుంచి తిప్పడం మొదలుపెట్టింది.