వెనక సీటులో ఆగిన మాట

స్ప్రింగుల గురించి తనకెవరైనా చెప్పబోతే కాటాల మాస్టారికి ఒళ్ళు మండేది. కొట్లలో తూకం కాటాలు బాగుచేయడం ఆయన వృత్తి. ముల్లు వెంట్రుకవాసి పక్కకి జరిగినా పట్టేసే కన్ను ఆయనది. అంతటి మనిషికి సొంత మోటారు సైకిలుకి కుదుపు మింగే వెనక షాకులు చచ్చిపోయాయన్న సంగతి చాన్నాళ్ళు పట్టనే లేదు. దీపం కిందే చీకటి అంటారు కదా, ఆ బాపతు.

బండి పాతది, పెళ్ళయిన కొత్తలో కొన్నది. ఇంట్లో భార్య కుట్టుమిషను, వసారాలో ఆయన సుత్తి. ఒకరి మాట ఒకరికి వినపడని కొంప అది. అందుకే వాళ్ళ కబుర్లన్నీ బండి మీదే సాగేవి. ఆవిడ వెనక కూర్చుని, ఆయన భుజం మీద గడ్డం ఆనించి, లోకంలోని సంగతులన్నీ చెవిలో పోసేది. ఆయన అద్దంలో చూస్తూ ఊఁ కొట్టేవాడు. వాళ్ళ కాపురంలో సగం ఆ సీటు మీదే గడిచింది.

ఒక సాయంత్రం ఆవిడ అక్క ఇంటి నుంచి వస్తున్నారు. "అక్క నన్నో మాట అడిగిందండీ. మీతో ఎలా చెప్పాలా అని చూస్తున్నా. ఏంటంటే..." అని ఆవిడ మొదలుపెట్టింది. అంతలో కల్వర్టు దగ్గర గుంటలో వెనక చక్రం పడింది. షాకులు అడుగంటా కూర్చున్నాయి. ఆవిడ నోట "అమ్మా" తప్ప ఇంకో మాట రాలేదు.

కొన్నాళ్ళు మంచం మీదే ఉంది. నడుముకి కుదుపు పనికిరాదని డాక్టరు గట్టిగా చెప్పాడు. లేచాక బజారుకి బస్సులో వెళ్ళడం మొదలుపెట్టింది. అక్క ఉండే వైపు బస్సు లేదు కాబట్టి ఆ అక్కే అప్పుడప్పుడూ ఇటు వచ్చి చూసిపోయేది. ఆ రోజు చెప్పబోయిన మాట ఏమిటని మాస్టారు అడిగితే, "నడుముతో పాటే విరిగిపోయింది లెండి" అని తప్పించుకుంది. మరీ మరీ అడిగితే మిషను తొక్కేది. మొగుడి నోరు మూయించడానికి మిషనుని మించిన ఆయుధం లేదు.

ఆయనకి దిగులు పట్టుకుంది. ఒంటరిగా బండి నడుపుతుంటే వీపంతా బోసిపోయినట్టుండేది. ఆ మాటేమిటో వినకపోతే తనకి నిద్ర పట్టేలా లేదు. కుదుపు లేకుండా చేస్తే మళ్ళీ ఎక్కుతావా అని ఒకరోజు సూటిగా అడిగాడు.

"నా నడుముని అడిగి చెప్తా" అంది ఆవిడ.

ఆ మాత్రం ఆశ చాలు ఆయనకి. బండి కొన్న షోరూముకి వెళ్తే ఈ మోడలు సామాను రావడం ఎప్పుడో ఆగిపోయిందన్నారు. ఇంకోచోట తెప్పిస్తామన్నారు గానీ, వాళ్ళు చెప్పిన ధరకి అలాంటి బండే ఇంకోటి వస్తుంది. చారాణా కోడికి బారాణా మసాలా! సీటు మీద దిండు వేసుకోమని మెకానిక్కు సలహా ఇచ్చాడు. బండి తుక్కుకి అమ్మేసి ఆవిడకి మంచి కుర్చీ కొనమని బావమరిది వెటకారమాడాడు. మాస్టారు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

బండికి సైడు స్టాండు వేసి, పాత షాకుల పొడవు టేపుతో కొలిచి, తుక్కు బాబాయ్ దగ్గరికి వెళ్ళాడు. పాత ఇనుము కొని అమ్మే ఆ బాబాయ్ నవ్వుతూనే బేరమాడతాడు, నవ్వుతూనే నెత్తిన చెయ్యి పెడతాడు. కొలతకి అచ్చంగా సరిపోయిన జత ఒకటి దొరికింది. చవకే. మాస్టారు ఈల వేసుకుంటూ ఇంటికొచ్చి బిగించి, భార్యని ఊరికే ఒకసారి కూర్చుని చూడమన్నాడు. ఆవిడ కూర్చోగానే వెనక మడ్‌గార్డు టైరుకి ఆనుకుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

ఆవిడ కోప్పడలేదు. దిగి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఎలా కొలిచారో చూపించమంది. ఆయన చూపించాడు.

"చక్రాల మీద నిలబెట్టే కొలిచారా? అంటే బండి బరువంతా వాటి మీదే ఉందిగా. కూర్చున్న మనిషికి పొడవు కొలిచి నేనెప్పుడైనా గౌను కుట్టానా? అంతెందుకు, పళ్ళెంలో సరుకుండగా మీరు ముల్లు సున్నాకి తిప్పుతారా?"

మాస్టారు తల గోక్కున్నాడు. ఆ తప్పు వేరొకడు చేసుంటే ఊరంతా చెప్పుకుని నవ్వేవాడు. సెంటరు స్టాండు వేసి, చక్రం గాల్లోకి లేచాక మళ్ళీ కొలిచాడు. బొటనవేలి వెడల్పు తేడా వచ్చింది.

అమ్మిన సరుకు వెనక్కి తీసుకోవడం తన ఇంటా వంటా లేదన్నాడు తుక్కు బాబాయ్. పైగా ఆ పొడవులో జత లేదట. ఒంటి షాకులు మాత్రం మూలన గుట్టగా పడున్నాయి. ఎవరూ కొనరు, కరిగించడానికి పంపాల్సిందే. జోడీ కుదరని వాటిని బిగిస్తే బండి పీతలా పక్కకి నడుస్తుందని నవ్వాడు.

మాస్టారు ఆ గుట్ట వైపు చూశాడు, తర్వాత గుమ్మం పక్కన మొండికేసి పడున్న పెద్ద కాటా వైపు చూశాడు. కాటా బాగుచేసి పెడతాను, ఆ గుట్టలోంచి నాకు నచ్చిన రెండు ఏరుకుంటాను అన్నాడు. బాబాయ్ లెక్క వేసుకుని సరేనన్నాడు. కాకపోతే ఓ సంగతి చెవిలో వేశాడు.

"మరీ అంత కచ్చితంగా అక్కర్లేదు మాస్టారూ. కాస్త మనవైపు మొగ్గినా పర్లేదు."

"మొగ్గే కాటాతో నా షాకులెలా తూస్తాను బాబాయ్? సరిగ్గా ఉంటేనే చేస్తా."

కాటా సరయింది. మాస్టారు నూనె కారుతున్న షాకుల్ని ముందే పక్కన పడేశాడు. మిగిలినవాటిలో కొలతకి సరిపడేవి ఏరి, ఒక్కొక్కదాన్నే కాటా మీద నిలబెట్టి, పైన చెక్క వేసి, గీసుకున్న గుర్తుదాకా కిందికి నొక్కాడు. ముల్లు ఎక్కడ ఆగిందో చూశాడు, వదిలితే షాకు ఎంత నిదానంగా లేస్తోందో చూశాడు. ఒకటి మెత్తన, ఒకటి మొండి, ఒకటి వదలగానే ఎగిరిపడేది. చేతులు బొబ్బలెక్కాయి. ఇక చాల్లే మాస్టారూ అని బాబాయ్ రెండుసార్లు అన్నాడు. గుట్ట అడుక్కి వచ్చాక ఒక నల్లదీ, ఒక తుప్పుపట్టిన ఎర్రదీ ఒకే గీత మీద ఆగాయి. పుట్టింది వేర్వేరు బండ్లకి, బరువు మోసే తీరు మాత్రం ఒక్కటే. ఆయనకి ప్రాణం లేచొచ్చింది.

రెండు చివర్లకీ కొత్త రబ్బరు బుష్షులు వేసి బిగించాడు. ఒకటి నల్లగా ఒకటి ఎర్రగా ఉన్నాయేంటని భార్య నవ్వింది. నవ్వి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని ఎక్కింది. ఎటు వెళ్దామని ఆయన అడగలేదు, బండిని అక్క ఇంటి దారి పట్టించాడు.

కల్వర్టు దగ్గర గుంట ఇంకా పెరిగి రోడ్డంతా ఆక్రమించింది. ఆయన గేరు తగ్గించాడు. వెనక చక్రం దిగింది, షాకులు మెల్లగా కుంగి మెల్లగా లేచాయి. వెనక నుంచి చప్పుడు లేదు. అద్దంలోకి చూడ్డానికి ఆయనకి ధైర్యం చాల్లేదు.

కాసేపటికి భుజం మీద గడ్డం ఆనింది.

"ఏంటంటే, అక్క కుట్టుకొట్టులో ఇంకో మిషనుకి చోటుందట. వచ్చి తనతో కలిసి కుట్టమంది. రోజూ దింపుతారా అని అడగబోయా ఆ రోజు."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"చెబితే అప్పు చేసైనా కొత్త బండి కొనేసేవారు."

"మరి అక్కకేం చెప్పావు?"

"నడుముని అడిగి చెప్తానన్నా."

బండి మిట్ట ఎక్కి దిగింది. ఆవిడ రెండు చేతులూ ఆయన నడుము చుట్టూ వేసి, మిషను ఈ బండి మీదే తేవచ్చా, వేరే బండి మాట్లాడాలా అని అడిగింది. ఎప్పట్లా ఊఁ కొట్టబోయి, "ముందు కాటా మీద తూచి చెప్తా" అన్నాడు మాస్టారు.