పాత తొట్లు, సోంబరు ఎద్దు

మురుగునీళ్లు శుద్ధిచేసే పాత తొట్లకే మరమ్మతు అనగానే సోంబరుకు ఒళ్లు మండిపోయింది. మండదూ మరి? కొండమీది కాఫీ యూనిట్ వాళ్లు పండ్ల తొక్క తీసి, గింజలు కడిగిన పుల్లనీళ్లు రెండేళ్లు ఊరి పక్క గెడ్డవాగులోకి వదిలారు. అవి తాగి అతని జోడెడ్లలో ఒకటి కడుపుబ్బి చచ్చింది. ఇక మిగిలింది ఒక్కటే. అదీ పోతే చోడిచేను దున్నేదెలా?

"కొత్తవి కట్టండి బాబూ! పాతవాటికి రంగేసి మా కళ్లు కప్పేత్తారేటి?" అని యూనిట్ ఇంజనీరు లక్ష్మీప్రసాద్ మీద గయ్యిమన్నాడు.

"తొట్లు గట్టిగానే ఉన్నాయి సోంబరూ, పడగొట్టడం దేనికి? మడ్డి ఆగేలా మధ్యలో గోడ కట్టాం, పులుపు విరగడానికి సున్నం కలుపుతున్నాం, అడుగునుంచి గాలి ఊదే పైపులు వేశాం. వచ్చి చూడు."

చూశాడు. తొట్టిలో నీళ్లు అన్నం ఉడికినట్టు కుతకుతలాడుతున్నాయి. నమ్మితే ఒట్టు! ఊళ్లోకి వచ్చి, ఈ ఏడు ఒక్క పండు కూడా యూనిట్‌కు ఇవ్వొద్దని తేల్చేశాడు. ముప్ఫై ఇళ్లవాళ్లూ సరేనని, చేతిమిషన్లు తెచ్చుకుని ఇంటి దగ్గరే తొక్క తీసుకున్నారు. యూనిట్ మాత్రం పై ఊళ్ల పండుతో నడుస్తూనే ఉంది.

పదిరోజులకల్లా ఊరి దగ్గర గెడ్డ మళ్లీ పులిసింది. నురగ, కంపు.

"సూసారా? నాను సెప్పనేదేటి?" అని సోంబరు ఎగిరాడు. మర్నాడు గ్రామసభ. యూనిట్ మూయించి తీరాలి. దానికి సాక్ష్యం చచ్చిన పీతలే. రాయి ఎత్తితే పీత బతికుండాలి, అప్పుడే అది మంచి నీరు. తాతలనాటి నుంచీ వాళ్ల పరీక్ష అదే.

బుట్ట పట్టుకుని, తొట్ల నీళ్లు గెడ్డలో కలిసే యూనిట్ పైపు దగ్గరికెళ్లి రాయి ఎత్తాడు. బతికున్న పీత వేలు పట్టేసింది! ఇంకో రాయి కింద రెండు.

"దొంగనాయాళ్లు, ఎక్కడినుంచో తెచ్చి వదిలేసినారు!" అనుకుంటూ రాయి రాయీ ఎత్తుకుంటూ కిందికి దిగాడు. ఊరి మొదటి ఇంటిదాకా పీతలు బాగానే ఉన్నాయి. అక్కడినుంచి రాళ్లు జిగురు పట్టాయి, పుల్లవాసన మొదలైంది. తన ఇంటి రేవులో పీత వెల్లకిలా తేలుతోంది. పక్కనే పెళ్లాం బేబి బుట్టెడు కాఫీ గింజలు గెడ్డలో కడుగుతోంది.

"ఏటి సేత్తన్నావే?"

"కనపడ్డంనేదేటి? ఇంటికాడే సేసుకుందుమన్నది నువ్వే గదా! ఊరంతా ఇక్కడే కడుగుతన్నారు."

సోంబరు గెడ్డ కిందివైపు చూశాడు. బేబికి పదడుగుల కింద, అతని ఎద్దు నీళ్లలో మూతి పెట్టబోతోంది.

"తాగకురా! ఓరి నాయనో, తాగకు!"

పరుగెత్తి పలుపు పట్టి లాగాడు. లాక్కుంటూ, రొప్పుకుంటూ మళ్లీ కొండెక్కి పైపు దగ్గరికే తీసుకొచ్చాడు.

"ఇక్కడికి తెచ్చావేంటి సోంబరూ?" అన్నాడు లక్ష్మీప్రసాద్ ఆశ్చర్యంగా.

సోంబరు పైపు దగ్గర వంగాడు. దోసిట్లో నీళ్లు పట్టి వాసన చూశాడు, నాలిక తడిపి చూశాడు. తర్వాత పలుపు వదులు చేశాడు. ఎద్దు వంగి తాగింది.

"గెడ్డని పాడుసేసింది ఈ ఏడు మేమే బాబూ," అన్నాడు. "ముందు నానే. రేపు సబలో సెప్తాను."